కామెర్లని చెప్పుకున్న వేవిళ్ళు

ఆ రోజు పొద్దున పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. రాయపూర్‌లో ఉన్నవాళ్ళకి దుబ్‌రాజ్ బియ్యం గురించి చెప్పక్కర్లేదు. ఎసట్లో పడితే చాలు, వాసన నాలుగిళ్ళ అవతలికి వెళ్తుంది. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు మొట్టమొదట నచ్చింది ఆ బియ్యమే. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఒక సంచీడు మోసుకెళ్ళి, నేనే పండించినట్టు గొప్పలు పోయేదాన్ని. అలాంటిది ఆ పొద్దున మూత తీయగానే ఆవిరి ముక్కుకి తగిలి, కడుపులో ఉన్నదంతా పైకి తన్నుకొచ్చింది. గరిటె అక్కడే పడేసి పెరట్లోకి పరిగెత్తాను.

ఇది ఇరవయ్యేళ్ళ కిందటి మాట, ఎనభైల మొదట్లో. దేవేంద్ర నగర్‌లో రెండు గదుల అద్దె వాటా మాది. మావారు ధర్సీవా దగ్గర ఒక ఇనుప ఫౌండ్రీలో లెక్కలు చూసేవారు. పొద్దున్నే స్కూటరు మీద వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రాక. ఇంట్లో నేను, మా అత్తయ్య. ఆవిడది విజయనగరం దగ్గర పల్లె. కొడుక్కి ఉద్యోగం వచ్చినప్పుడు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. హిందీ ఆవిడకి ఎంత వచ్చో మా వీధిలో కూరగాయలమ్మే వాళ్ళందరికీ తెలుసు. అయినా బేరంలో ఏ రోజూ ఓడిపోలేదు.

పెరట్లో కూలబడి ఉన్న నన్ను చూడగానే అత్తయ్య మొహం వెలిగింది. ఆ వెంటనే గబగబా వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టి వచ్చారు.

"నెల తప్పిందేటే?"

అవునన్నాను.

"ఎవరికీ సెప్పకు. మీ అమ్మకి కూడా రాయకు. మూడో నెల దాటేదాకా ఈ మాట గుమ్మం దాటి ఎల్లకూడదు. అర్థమయిందా?"

నాకు బాగానే అర్థమయింది. అంతకు ముందు ఏడాది ఇలాగే నెల తప్పితే, పట్టరాని సంతోషంతో మేము ఇంటింటికీ పేడాలు పంచాం. రెండో నెల నిండకుండానే పోయింది. తర్వాత వీధిలో ఎవరు ఎదురైనా ఓదార్పు మాటే. ఆ జాలి చూపులు తట్టుకోలేక నేను కొన్నాళ్ళు గేటు దాకా కూడా రాలేదు. అత్తయ్య దృష్టిలో అదంతా దిష్టే. నేను నమ్మానా అంటే ఏం చెప్పను, పోగొట్టుకున్నదాన్ని. ఏది చెప్పినా నమ్మే స్థితిలో ఉన్నాను. ఈసారైనా నిలవాలి, అంతే.

మొదట పొద్దుటిపూట వాంతులు. తర్వాత పొద్దున, మధ్యాహ్నం అని లేదు. పోపు వాసన, మావారి గడ్డం సబ్బు వాసన, తడిసిన మట్టి వాసన, చివరికి నా జడ వాసన కూడా పడేది కాదు. అందరూ వేవిళ్ళలో పులుపు కావాలంటారు, నాకు చింతపండు పేరు చెబితే డోకు. అత్తయ్యకి మాత్రం ఇదంతా శుభలక్షణమే. "కడుపు గట్టిగా నిలబడితే ఇలాగే వాంతులవుతాయి. మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు నాను ఇంతకంటే డోకున్నాను" అని ధైర్యం చెప్పేవారు. మంచినీళ్ళు తాగితే వాంతి ఎక్కువవుతుందని గ్లాసు దూరం పెట్టేవారు. ప్రేమతోనే పెట్టేవారు, అందులో నాకే అనుమానమూ లేదు.

మా పెరటి గోడకి అవతల సాహూ భాభీ వాళ్ళిల్లు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇక్కడి మనిషే, పుట్టిందీ పెరిగిందీ ఆరంగ్‌లో. ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు హిందీ నేర్పింది, కూరల బజారు చూపించింది, ఎండలకి కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టించింది ఆవిడే. భాభీకి పిల్లల్లేరు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కానీ అత్తయ్య తలుపు గడియ పెట్టింది ముఖ్యంగా ఏ వైపు చూసి పెట్టారో నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

ఒకరోజు నేను గోడ పక్కనే వాంతి చేసుకుంటుంటే భాభీ తొంగి చూసింది.

"కా హోగే పద్మా?" ఏమైందని కంగారుగా అడిగింది.

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య అందుకున్నారు. "పీలియా! పీలియా హువా బహూకో!"

కోడలికి పీలియా అట, అంటే పచ్చకామెర్లు. ఆ ఎండాకాలం మా చుట్టుపక్కల ఇంటికొకరు దాంతో పడుకునే ఉన్నారు, కాబట్టి ఆ అబద్ధం చాలా సులువుగా అతికింది. అత్తయ్య లోపలికొచ్చి, గొప్ప తెలివైన పని చేసినట్టు నా వంక చూసి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ భాభీ ఎలాంటి మనిషో మేమిద్దరం మర్చిపోయాం.

ఇక్కడివాళ్ళకి పొరుగింట్లో కామెర్లంటే తమ ఇంట్లో వచ్చినట్టే. ఆ సాయంత్రమే చెరుకురసం వచ్చింది. మర్నాడు ముల్లంగి ఆకుల రసం. ఆ మర్నాడు ఉప్పు లేని గోధుమరవ్వ జావ. "అమ్మాజీ, నూనె వద్దు, పసుపు అసలే వద్దు, పోపు పెట్టొద్దు" అని భాభీ రోజూ వచ్చి మా వంటింట్లో నిలబడి చూసేది. పాపం అత్తయ్య, అబద్ధం నిలబెట్టుకోవడానికి పోపు మానేశారు. మావారు ఇంగువ లేని పప్పు తిని మొహం ముడుచుకునేవారు. తమాషా ఏమిటంటే, పోపు వాసన పోయాక నాకు రెండు మూడు రోజులు కాస్త తెరిపిచ్చింది.

ఆ తెరిపి నిలవలేదు. మంచం మీంచి లేస్తే కళ్ళు తిరిగేవి. నీళ్ళు తాగినా బయటికే. మూత్రం బాగా తగ్గి, చిక్కటి టీ రంగులోకి దిగింది. భాభీ నా కింది రెప్ప లాగి చూసి "చూడు, ఎంత పచ్చగా ఉందో" అనేది. ఆవిడ వెళ్ళాక నేను అద్దంలో చూసుకునేదాన్ని. నాకూ పచ్చగానే కనిపించేది. చెప్పిన అబద్ధం నిజమైపోయిందా? కడుపుతో ఉన్నవాళ్ళకి కామెర్లు వస్తే బతకరని ఎవరో అనగా విన్నాను. అత్తయ్యతో అంటే, "ఛ, అదంతా మనం అన్న మాటే కదేటే, నిజమెలాగవుతాది?" అని కసిరారు. కానీ ఆవిడ గొంతులో కూడా భయం ఉంది.

ఇంక లాభం లేదని భాభీ నన్ను ఆరంగ్ తీసుకెళ్ళింది. వాళ్ళ పుట్టింటి దగ్గర కామెర్లకి మాల వేసే ఆయన ఉన్నాడు. ఏదో మొక్క కాడల్ని చిన్న చిన్న ముక్కలు చేసి దారంతో కట్టి, కిరీటంలా తలమీద పెడతాడు. రోగం దిగుతున్నకొద్దీ మాల పొడుగై మెడలోకి దిగుతుందంటారు. వద్దని చెప్పడానికి మా దగ్గర కారణం లేదు. అత్తయ్య నేను రానూ రానూ అంటూనే కూడా వచ్చారు. మండుటెండలో బస్సు. దారి పొడుగునా నా తల భాభీ ఒళ్ళోనే ఉంది. ఆవిడ తడి తువ్వాలుతో నా మొహం తుడుస్తూ, డ్రైవరుని మెల్లగా పోనిమ్మని తిడుతూనే ఉంది.

మాల నాకూ దిగింది. కామెర్లే లేనిదానికి, తలమీంచి చెవుల దాకా, చెవుల్నించి మెడదాకా చక్కగా దిగింది. భాభీ సంతోషం చూడాలి! "ఉతర్ రహా హై, అమ్మాజీ!" అని చప్పట్లు కొట్టింది. దిగిపోతోందట. నేను మాత్రం ఆ పూట ఒక చెంచా నీళ్ళు కూడా ఇముడ్చుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున స్నానాలగది గుమ్మంలో పడిపోయాను. మావారు అప్పటికే ఫౌండ్రీకి వెళ్ళిపోయారు. భాభీయే రిక్షా పిలిచి, తనూ అత్తయ్యా చెరో పక్కా పట్టుకుని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ కుర్ర డాక్టరు ఏమైందని అడిగితే జవాబు భాభీయే చెప్పింది. చాలా రోజులుగా పీలియా, ఏమీ ఇమడడం లేదు, మూత్రం పచ్చగా వస్తోంది, కడుపు నొప్పి కూడా ఉంది. ఆవిడకి తెలిసిందంతా నిజాయితీగా చెప్పింది. డాక్టరు రాసుకున్నాడు. రక్తం తీశారు, మూత్రం తీసుకున్నారు. వాంతులు ఇంతగా ఉన్నాయి కాబట్టి పేగుల్లో అడ్డమేమైనా ఉందేమో చూడాలి, ముందు ఎక్స్‌రే తీయించండి అన్నాడు.

నన్ను తోపుడుకుర్చీలో ఎక్స్‌రే గది ముందుకు తెచ్చారు. ఎక్స్‌రే తీసే ఆయన మెడలో మాల తీసేయమన్నాడు. అలవాటుగా అత్తయ్యని అడిగాడు, "మహీనా తో నహీ చఢా హై?" నెల తప్పలేదు కదా అని.

అత్తయ్య ఒకసారి భాభీ వంక చూశారు. "నహీ, నహీ" అన్నారు. ఆవిడకి అది ఫొటోలాంటిదే. ఫొటో తీయించుకుంటే పోయేదేముంది, ఆ మాట భాభీ ముందు బయటపడితే మాత్రం అంతా పోతుంది.

మాల ముక్క ముక్కకీ జుట్టు చిక్కుకుంది. దాన్ని ఒక్కొక్కటిగా విడదీసుకుంటూ కూర్చున్నాను. కడుపులో బిడ్డ ఉంటే ఎక్స్‌రే కూడదని ఏదో పత్రికలో చదివాను. ఒక పక్క పోయిన ఏడాది గుర్తొస్తోంది. ఇంకో పక్క నా నుదుటి మీద చెయ్యి వేసి నిలబడ్డ భాభీ. ఆవిడ మొహం చూసి ఎలా చెప్పను? ఆయన తలుపు తెరిచి కుర్చీ లోపలికి తోయబోయాడు. అప్పుడు అరిచినట్టే అన్నాను, "మై పేట్ సే హూ!" నేను కడుపుతో ఉన్నాను.

వరండాలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. నా నుదుటి మీద చెయ్యి తీసేసినట్టు తెలిసింది.

తర్వాత అంతా హడావుడి. నన్ను ఆడవాళ్ళ వార్డుకి మార్చారు. లేడీ డాక్టరు వచ్చి పరీక్ష చేసి గట్టిగా కేకలేశారు. "ప్రెగ్నెన్సీలో జాండిస్ అంటే ప్రాణం మీదికి వస్తుంది. బిలిరుబిన్ రిపోర్టు వచ్చేదాకా నేనేమీ చెప్పలేను" అన్నారు. అత్తయ్యకి ఆ హిందీ అంతా అందలేదు. వార్డులో కాకినాడ వైపు నుంచి వచ్చిన నర్సు, గ్రేస్ సిస్టర్, తెలుగులో విడమరిచి చెప్పింది. అత్తయ్య నేలమీద కూలబడి, "కామెర్లు లేవమ్మా, నానే అన్నాను, దిష్టి తగులుతాదని నానే అన్నాను" అని నోరు కొట్టుకున్నారు.

"దిష్టి సంగతి తర్వాత చూసుకుందురు గాని మామ్మగారూ, ముందు సెలైన్ ఎక్కనివ్వండి" అని సిస్టర్ ఆవిణ్ణి లేపి బల్ల మీద కూర్చోబెట్టింది.

రిపోర్టు సాయంత్రానికి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఎంత పొడుగో నేను చెప్పలేను. మావారు వచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడ్డారు. లేడీ డాక్టరు కాగితం చూసి మొదటిసారి నవ్వారు. "బిలిరుబిన్ నార్మల్. కామెర్లు కావు. యూరిన్‌లో ఎసిటోన్ త్రీ ప్లస్. దీన్ని హైపర్‌ఎమెసిస్ అంటారు. మామూలు మార్నింగ్ సిక్‌నెస్ హద్దు దాటితే ఇలా అవుతుంది. తిండీ నీళ్ళూ లేక ఒళ్ళు తన కొవ్వునే కరిగించుకుంటోంది. మూత్రానికి ఆ రంగు డీహైడ్రేషన్ వల్ల." తర్వాత అత్తయ్య వైపు తిరిగి, "వాంతులు మంచివే కావచ్చు అమ్మాజీ, కానీ మనిషి మిగలాలి కదా" అన్నారు.

సెలైన్ సీసాలు, దాంట్లో బి వన్ ఇంజెక్షన్, వాంతులకి వేరే ఇంజెక్షన్. మొదట నోటికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత చెంచాతో నీళ్ళు, కాసేపాగి మళ్ళీ చెంచా. ఆ తర్వాత పొడి బిస్కట్టు, మరమరాలు. పొద్దున లేవకముందే పడుకునే రెండు మరమరాలు నమలమని చెప్పింది సిస్టర్. కడుపు ఖాళీగా ఉంచకూడదు, నిండా పెట్టకూడదు. బి సిక్స్ మాత్ర రాశారు. వారం తిరక్కుండా లేచి కూర్చున్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది కానీ, భాభీ మాత్రం ఆ రోజు తర్వాత వార్డుకి రాలేదు.

ఇంటికొచ్చాను. గోడ అవతల మనిషి అలికిడి ఉంది, పలకరింపు లేదు. ఇంతలో వాంతులు మళ్ళీ తిరగబెట్టాయి. మా వాటాలో వంటిల్లుకీ పడకగదికీ మధ్య తలుపు కూడా లేదు. అన్నం ఉడికితే నా మంచం మీద ఉడికినట్టే. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ సెలైన్. ఈసారి లేడీ డాక్టరు మావారిని పక్కకి పిలిచి, ఇది ఇలాగే ఉండి ఒంట్లో ఇంకా క్షీణిస్తే తల్లిని కాపాడుకోవడానికి ప్రెగ్నెన్సీ తీసేయాల్సి రావచ్చు అన్నారట. ముందు వాసనల్నించి దూరంగా ఉంచండి, కాస్త కాస్తగా తాగించే మనిషి పగలంతా పక్కనుండాలి అని కూడా అన్నారట. మావారు ఆ మాట నాకు చెప్పలేదు. అత్తయ్యకి చెప్పారు.

అత్తయ్య ఆ సాయంత్రం సాహూ భాభీ ఇంటికి వెళ్ళారు. ఏం మాట్లాడారో తర్వాత భాభీ చెబితేనే తెలిసింది. గుమ్మంలో నిలబడి చాలాసేపు ఏడ్చారట. భాభీ ఒకటే అడిగిందట, "అమ్మాజీ, నా కళ్ళు అంత చెడ్డవా?" అత్తయ్యకి జవాబు చెప్పడానికి హిందీ చాల్లేదు. తెలుగులోనే, "నా బుద్ధి సెడ్డదమ్మా. నా పిల్లని నువ్వే సూసుకో" అన్నారట. తెలుగు ముక్క రాని భాభీకి అది ఎలా అర్థమైందో మరి. మర్నాడు ఆసుపత్రి నుంచి నన్ను తిన్నగా వాళ్ళింటికే తీసుకెళ్ళింది.

అప్పటి నుంచి నా పగళ్ళన్నీ భాభీ ముందుగదిలోనే గడిచాయి. ఎవరి కళ్ళు పడకూడదని దాచారో, పొద్దున్నించీ సాయంత్రందాకా ఆ కళ్ళ ముందే పడుకుని ఉన్నాను. నా కోసం ఆవిడ పగలు పొయ్యి ముట్టించడం మానేసింది. ఇక్కడివాళ్ళు ఎండాకాలంలో బాసీ తింటారు, అంటే రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున తినేది. మన చద్దన్నమే. మొగుడూ పెళ్ళాం అది తిని కాలక్షేపం చేశారు. నంచుకునే ఉల్లిపాయ పెరట్లోకి తీసుకెళ్ళి తినేవారు. కాచి చల్లార్చిన నీళ్ళతో వేరే ముంతలో అన్నం నానబెట్టి, ఆ చల్లటి తేట కాస్త ఉప్పేసి నాకు చెంచాతో పట్టేది. ఒకరోజు అది కడుపులో ఉండిపోయింది. ఆవిడ గడియారం వంక చూసింది, నా వంక చూసింది. "రుక్ గయా!" అని గోడ మీంచి అత్తయ్యని కేకేసింది. ఆగిందట. ఆ కేకలో ఉన్న ఆనందం నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

ఒక్కసారిగా తగ్గలేదు. రెండు రోజులు బాగుంటే మూడో రోజు మళ్ళీ మొదటికి. చెప్పిన మాత్ర వేసుకుంటూ, వారానికోసారి యూరిన్‌లో ఎసిటోన్ చూపించుకుంటూ నెట్టుకొచ్చాం. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం, "భాభీ, అన్నం వండవా, దుబ్‌రాజ్?" అని నేనే అడిగాను. ఆవిడ నమ్మక రెండోసారి అడిగించుకుంది. నెలలు నిండాక మా అమ్మాయి పుట్టింది. కొంచెం తక్కువ బరువే కానీ గొంతు మాత్రం ఘనం.

మూడేళ్ళకి మళ్ళీ నెల తప్పింది. పొద్దున పెరట్లో వాంతి చేసుకుని లేచేసరికి అత్తయ్య చూసేశారు. అలవాటు ప్రకారం వీధి తలుపు దగ్గరికి వెళ్తారనుకున్నాను. ఆవిడ పెరటి గోడ దగ్గరికి వెళ్ళారు. చీర కుచ్చెళ్ళు ఎత్తి కట్టి, కుండీ మీదికెక్కి, వీధి చివరిదాకా వినపడేలా కేకేశారు. "భాభీ! ఓ భాభీ! బహూ పేట్ సే హై! తుమ్ పహలే సునో!" నువ్వే ముందు వినాలని.

ఈసారి భాభీ మొదటి వారంలోనే నన్ను లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వాంతులు అప్పుడూ అయ్యాయి. ఆసుపత్రిలో పడుకోవాల్సిన అవసరం మాత్రం రాలేదు. రెండో కాన్పూ నెలలు నిండాక క్షేమంగా జరిగింది.

అత్తయ్య పోయి కొన్నేళ్ళవుతోంది. మేము ఇప్పటికీ ఆ వీధిలోనే ఉన్నాం, వాటా కొనుక్కుని పైన ఇంకో అంతస్తు వేసుకున్నాం. ఎంత కట్టినా ఆ పెరటి గోడ మాత్రం పెంచలేదు. మా అమ్మాయి ఇక్కడే కాలేజీలో చదువుతోంది. భాభీని బడీ మా అంటుంది. పెద్దమ్మ అని. నేను కోప్పడితే అన్నం మానేసి వెళ్ళేది అక్కడికే. అలా వెళ్ళినప్పుడల్లా, నాకు కోపం ఎంత ఉన్నా, ఆ ముందుగదిలో నేను పడుకున్న రోజులు తలుచుకుని మెత్తబడిపోతాను.

దిష్టి గురించి నేను ఎవరితోనూ వాదించను. మీ ఇంట్లో మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదంటే చెప్పకండి. కానీ నీళ్ళు కూడా ఇమడకపోయినా, మూత్రం తగ్గి రంగు ముదిరినా, లేస్తే కళ్ళు తిరుగుతున్నా అది శుభలక్షణమని ఇంట్లో కూర్చోకండి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళాక, పక్కన ఎవరున్నా సరే, మీ నోటి నుంచి మొదటి మాట నేను కడుపుతో ఉన్నాను అన్నదే కావాలి. ఎక్స్‌రే గది తలుపు తెరిచేదాకా నేను ఆగాను. మీరు ఆగకండి.